‘ఎవరి పాపం’ అని అడక్కండి, డయాలసిస్‌కు తోడు వెళ్లండి

సంపాదకుల వారికి,

నమస్కారం. మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కిడ్నీ బాధితుల మీద మీ పత్రికలో ఈ మధ్య వచ్చిన వ్యాసం చదివాను. నీళ్ల గురించి, పింఛన్ల గురించి రాసిందంతా బాగుంది. చివర్లో మాత్రం, ఇక్కడి క్రైస్తవ కుటుంబాల్లో కొందరు దేవుడి మీద భారం వేసి ఆస్పత్రి మానేస్తున్నారని, ప్రాణాల మీదికి తెచ్చుకుంటున్నారని ఒక మాట అన్నారు. అది అబద్ధం కాదు. మా ఇంట్లోనే జరిగింది. కానీ అంతటితో వదిలేస్తే సగం సంగతే చెప్పినట్టు. రెండో సగం చెబుదామని ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది. పల్లెటూరి బ్రాంచి పోస్టాఫీసులో జీవితమంతా ఊరివాళ్ల ఉత్తరాలు, మనియార్డర్లు పంచినవాణ్ణి. నాదొక్కటి మీరు ఓపిగ్గా చదవాలి.

మాది కవిటి మండలంలో సముద్రానికి దగ్గర ఊరు. చుట్టూ కొబ్బరి, జీడి తోటలు. తాతల నాటి నుంచి బాప్టిస్టు సంఘస్థులం. మా తమ్ముడు కొబ్బరికాయలు దింపే పని చేసేవాడు. పొద్దున్నే చెట్టెక్కితే ఎండ నడినెత్తికి వచ్చేదాకా ఒక చెట్టు దిగడం, ఇంకో చెట్టెక్కడం. తాగేది బోరు నీళ్లు. ఒళ్లు నొప్పులొస్తే కొట్లో దొరికే నొప్పి బిళ్లలు. మా వైపు ఈ జబ్బుకు కారణం ఇదీ అని డాక్టర్లు ఇంతవరకూ ఒక్క మాట మీదికి రాలేదు. నీళ్లంటారు, ఎండకు ఒంట్లో నీరు ఇంకిపోవడమంటారు, నొప్పి బిళ్లలంటారు. షుగరూ బీపీ లేనివాళ్లకు కూడా కిడ్నీలు చడీచప్పుడు లేకుండా పాడవుతాయి. కాళ్లకు నీరు పట్టి, అన్నం సహించక రక్తపరీక్ష చేయించుకునేసరికి పని చాలావరకు అయిపోయి ఉంటుంది. ఇచ్ఛాపురం నుంచి వజ్రపుకొత్తూరు దాకా ఏ ఊళ్లోనైనా ఇద్దరు కలిస్తే, పంట సంగతి అయ్యాక అడిగేది ‘క్రియాటిన్ ఎంతుంది?’ అనే. క్రియాటినిన్ అంటే కిడ్నీలు పాడయ్యేకొద్దీ రక్తంలో పెరిగే మలినం. ఒకటి దగ్గర ఉండాల్సింది తమ్ముడికి మొదటి పరీక్షలోనే ఎనిమిది దాటింది.

తొలి రోజుల్లో డయాలసిస్‌కు విశాఖపట్నం తీసుకెళ్లేవాళ్లం. కంచిలిలో ఉన్న సోంపేట స్టేషన్లో రైలెక్కితే 200 కిలోమీటర్ల పైమాటే. మిషను మీద నాలుగు గంటలు, రానూపోనూ రోజంతా. తర్వాత సోంపేట, పలాస వైపే కేంద్రాలు వచ్చాక ఆ తిప్పలు తప్పాయి. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు 2019లో నెలకు 10,000 రూపాయల పింఛను కూడా వచ్చింది. ఏ ప్రభుత్వం చేసినా చేసిన మేలు మేలే.

ఈ జబ్బు ఇంట్లో ఎలా ఉంటుందో చూడనివాళ్లకు చెప్పాలి. ఒంటేలు దాదాపు ఆగిపోతుంది కాబట్టి తాగే ప్రతి గుక్కకూ లెక్కుంటుంది. మరదలు ఒక ప్లాస్టిక్ సీసా మీద పెన్నుతో గీతలు గీసింది. పొద్దుటికి ఈ గీత దాకా, మధ్యాహ్నానికి ఈ గీత దాకా. కూరముక్కలు ఒకసారి ఉడికించి ఆ నీళ్లు పారబోసి మళ్లీ వండేది. అన్నిటికంటే కష్టం ఏమిటంటే, పొటాషియం ఎక్కువ కాబట్టి కొబ్బరినీళ్లు అసలు ముట్టకూడదు. జీవితమంతా బొండాలు దింపినవాడు, పెరట్లో గెలలు వేలాడుతుంటే చూస్తూ ఐసుముక్క చప్పరించేవాడు. నెల మొదటి ఆదివారం ప్రభువు బల్లలో ఇచ్చే చిన్న గిన్నెడు ద్రాక్షరసం కూడా ఆ సీసా లెక్కలోంచి తీసేసేది మరదలు. నేను నవ్వితే, ‘లెక్క లెక్కే బావగారూ’ అనేది.

ఎడమ మణికట్టు దగ్గర రెండు రక్తనాళాలు కలిపి కుట్టారు. ఫిస్టులా అంటారు. సూదులు గుచ్చేది ఆ చేతికే. అది పనిచేస్తోందో లేదో రోజూ చూసుకోమన్నారు. రాత్రి ప్రార్థన అయ్యాక నేను అక్కడ రెండు వేళ్లు ఆనించేవాణ్ణి. తపాలా సంచిలో తుమ్మెద దూరినట్టు చర్మం కింద జుమ్మని అదిరేది. నర్సమ్మ దాన్ని థ్రిల్ అంటుంది. అది తగిలితే ఆ రాత్రికి అందరం పడుకునేవాళ్లం.

ఇలా ఉండగా తిత్లీ తుపాను వచ్చింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140 కిలోమీటర్లకు పైగా గాలి. తెల్లారి తలుపు తీస్తే ఎన్నడూ చూడనంత ఆకాశం కనిపించింది. అడ్డుగా ఉండాల్సిన చెట్లు లేవు. మా గుడి రేకులు రెండు వీధుల అవతల పడ్డాయి. ఆ రోజు గురువారం, తమ్ముడి డయాలసిస్ రోజు. కరెంటు లేదు, ఫోన్లు లేవు, దారి పొడుగునా మానులే. మా సంఘం కుర్రాళ్లు గొడ్డళ్లు పట్టుకుని బయల్దేరారు. అప్పుడు దసరా నవరాత్రులు. దుర్గమ్మ పందిరి కట్టిన కుర్రాళ్లూ వాళ్లతో కలిశారు. నరకగలిగిన చోట నరికి, నరకలేని చోట తమ్ముణ్ణి నులకమంచం మీద మానుల పైనుంచి దాటించి, మర్నాటికి జనరేటరు ఉన్న చోటికి చేర్చారు. పందిరి దీపాల కోసం తెచ్చిన జనరేటరుతోనే ఊళ్లో బోరు మోటారు ఆడింది. ఆ వారమంతా ఊరు తాగింది దుర్గమ్మ జనరేటరు తోడిన నీళ్లే. మతం పేరుతో పేచీలు పెట్టేవాళ్లకు ఎప్పుడైనా తీరిక దొరికితే ఈ సంగతి చెప్పాలనుకుంటాను.

14వ తేదీ ఆదివారం కప్పులేని గుడిలోనే ఆరాధన జరిగింది. పాస్టరుగారు ప్రసంగం చెప్పలేదు. ‘ఎవరింట్లో బియ్యం తడవలేదో చేతులెత్తండి’ అన్నారు. నాలుగైదు చేతులు లేచాయి. ఆ బియ్యం ఎవరెవరికి వెళ్లాలో అక్కడే తేల్చి దీవెన చెప్పి పంపేశారు. నేను విన్న ఆరాధనల్లో అంత పొట్టిది లేదు, అంతగా గుర్తున్నదీ లేదు.

మీ వ్యాసంలో అన్నది జరిగింది ఆ తర్వాతే. కొబ్బరి మొక్క నాటితే కాపుకు ఏళ్లు పడుతుంది. తోటలు పోయినవాళ్లు, కూలి పోయినవాళ్లు, అప్పులవాళ్లు, జబ్బువాళ్లు, ఊరంతా దిగాలుగా ఉంది. అలాంటప్పుడే ప్రార్థనతో జబ్బు నయం చేస్తామనే స్వస్థత కూటాలవాళ్లు దిగుతారు. డిసెంబరు 31 రాత్రి మా గుడిలో, వచ్చే ఏడాదికని ఒక్కో బైబిలు వచనం రాసిన వాగ్దాన కార్డులు తీస్తాం. తమ్ముడికి ఆ ఏడు ఆరోగ్యం ఇస్తానని దేవుడు చెప్పే వచనం వచ్చింది. కార్డును రిపోర్టుల ఫైలులో పెట్టుకుని, సూదులు గుచ్చేటప్పుడు తీసి చూసుకునేవాడు. దాంతో నష్టమేమీ లేదు, ధైర్యంగా ఉండేవాడు. కొన్ని వారాలకు బయటి ప్రసంగీకుడొకాయన వచ్చి మైకులు పెట్టి మూడు రాత్రులు కూటాలు నడిపాడు. తమ్ముడి తలకు నూనె రాసి, ఆ కార్డు చేత్తో పైకెత్తి, ‘దేవుడు మాట ఇచ్చాక ఇంకా మిషను మీద పడుకుంటావా? నీకు నయమైంది, ఇక ఆస్పత్రి జోలికి పోకు’ అన్నాడు. జనం హల్లెలూయ అన్నారు.

చావు పక్కన ఉన్నవాడికి అంతకంటే తీపి మాట ఇంకేముంటుంది? సోమవారం డయాలసిస్‌కు వెళ్లలేదు. గురువారం వెళ్లలేదు. నేను, పాస్టరుగారు ఎంత చెప్పినా వినలేదు. ఆ మధ్యలో కడుపునిండా బొండాం తాగాడు. ‘అన్నియ్యా, ఎన్నాళ్లయిందో’ అన్నాడు నాతో. ఆ ముఖంలో సంతోషం చూసి కూడా ఏమీ అనలేని కోపం నాది.

శనివారం రాత్రి మరదలు వచ్చి తలుపు కొట్టింది. ‘బావగారూ, ఈయన పడుకోలేకపోతన్నారు, కూకోలేకపోతన్నారు.’ వెళ్లి చూస్తే కిటికీ ఊచలు పట్టుకుని ముందుకు వంగి ఊపిరి లాగుతున్నాడు. ఛాతీలో గరగర. నీరు ఊపిరితిత్తుల్లోకి చేరింది. ఆటోలో పాస్టరుగారు వెనక కూర్చుని దారంతా తమ్ముణ్ణి నిటారుగా పట్టుకున్నారు. వెనక్కి వాలితే ఊపిరి ఆడదు. డాక్టరు ముందు ప్రాణం పోసి, తర్వాత మమ్మల్ని తిట్టాల్సిన తిట్లు తిట్టాడు. తిట్టినందుకు ఆయన మీద గౌరవం పెరిగింది.

ఆ ప్రసంగీకుడికి ఫోను చేస్తే ఆయన మనిషి ఎత్తాడు. ‘ఇంట్లో ఎవరిదో పాపం అడ్డుగా ఉంది, లేదా విశ్వాసం చాల్లేదు’ అని పెట్టేశాడు. డయాలసిస్ తమ్ముణ్ణి గట్టెక్కించింది గానీ, ఈ మాట మరదల్ని మంచాన పడేసింది. అన్నం మానేసింది. ఒక సాయంత్రం నన్ను పిలిచి, చిన్నప్పుడు తోటి పిల్ల కాలిపట్టీ తీసి దాచేసిన సంగతి చెప్పి ఏడ్చింది. ‘దానికేనేమో బావగారూ’ అంది. తొమ్మిది పదేళ్ల పిల్ల చేసిన తప్పుకు దేవుడు నలభై ఏళ్ల తర్వాత ఆమె మొగుడి కిడ్నీలు తీసుకున్నాడని ఒక ఆడమనిషి చేత నమ్మించారే, దాన్ని ఏమనాలి? అప్పులవాడు కూడా అన్నేళ్ల బాకీకి ఇంటి మీద పడడు.

మా పాస్టరుగారు పెద్ద చదువులు చదివినవారు కాదు, గొంతు కూడా సన్నం. ఆ వచ్చే ఆదివారం యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయం తీశారు. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి, ఇతను చేసిన పాపమా, ఇతని కన్నవాళ్లు చేసిన పాపమా అని శిష్యులు అడిగితే యేసు ఇచ్చిన జవాబు చదివారు: ‘వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదు.’ మరదలు కూర్చున్న వైపు చూడకుండానే మళ్లీ ఒకసారి చదివారు. ‘యేసు అంతటివాడే ఉమ్మితో బురద కలిపి కళ్లకు రాసి, సిలోయము కోనేటికి పోయి కడుక్కో అన్నాడు. గుడ్డివాడు నడిచి వెళ్లాడు. మనం సోంపేట దాకా ఆటోలో వెళ్లడానికి నామోషీ ఏమిటి?’ అన్నారు. గుడిలో చాలా రోజుల తర్వాత నవ్వు వినిపించింది. లోకానికి వెలుగును అని యేసు చెప్పుకున్నది కూడా ఆ అధ్యాయంలోనే. ఆ రాత్రి మరదలు అన్నం తింది.

సోంపేటవాళ్లకు ఇందులో కొత్తేమీ లేదు. బెన్ గలిసన్ అనే కెనడా బాప్టిస్టు మిషనరీ డాక్టరు మన సోంపేటలో కంటి ఆపరేషన్లు చేసేవారు. ఆయన పని గురించి విని, కెనడాలోని కాల్గరీ నగరంలో ఆర్ట్ జెంకిన్స్ అనే వ్యాపారి 1963లో ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థ మొదలుపెట్టారు. అది ఇప్పటికీ పలు దేశాల్లో కంటి వైద్యానికి పనిచేస్తోంది. మా అమ్మకు శుక్లాలు తీసింది కూడా సోంపేట మిషనాసుపత్రిలోనే. కట్టు విప్పగానే నన్ను చూసి, ‘ఇంత నల్లగా ఉన్నావేంట్రా’ అంది. ఆ ఆస్పత్రిలో ప్రార్థనా చేసేవారు, కత్తీ పట్టేవారు. ఒకటి చేస్తే రెండోది చెయ్యకూడదని మా అమ్మతో ఎవరూ అనలేదు. ఆ పేరు విన్న గడ్డ మీదే మైకు పెట్టి మిషను మానెయ్యమని చెప్పే రోజు వచ్చింది.

ఆ శనివారం తర్వాత తమ్ముడు ఒక్క విడత కూడా తప్పలేదు. విశ్వాసమూ తప్పలేదు. ఈ రెండోది నాకు ఆశ్చర్యం. అలా మోసపోయినవాడు గుడి మొహం చూడడనుకున్నాను. మిషను మీద ఉన్నప్పుడు నన్ను బైబిలు చదవమనేవాడు, అదీ 88వ కీర్తన. దాన్ని ఎవరూ క్యాలెండర్ల మీద వెయ్యరు, వాగ్దాన కార్డుల్లో రాదు. అందులో స్వస్థత లేదు, గెలుపు లేదు. మొదటినుంచి చివరిదాకా మొర, ఆఖరి మాట ‘చీకటియే నాకు బంధువర్గమాయెను.’ తమ్ముడు కళ్లు మూసుకుని విని, ‘ఇది ఎవుడు రాసేడో గానీ అన్నియ్యా, ఈ మంచం మీద తొంగొని రాసినట్టుంది’ అనేవాడు. దేవుడితో ఇలా కూడా మాట్లాడొచ్చని తెలిశాక వాడి ప్రార్థన మారింది. బాగు చెయ్యి ప్రభువా అనడం తగ్గి, ఇక్కడే ఉండు ప్రభువా అనడం ఎక్కువైంది. సూది గుచ్చేటప్పుడు అనేది ఆ ఒక్క మాటే. ఆయన ఉన్నాడని వాడికి తెలిసేది. ఎలా తెలిసిందని నన్నడిగితే నేను చెప్పలేను, పక్క కుర్చీలో కూర్చుని చూసినవాణ్ణి అంతే.

సంఘం కూడా మారింది. ఆదివారం ప్రకటనల్లో పెళ్లిళ్లు, కూడికలతో పాటు ఎవరికి ఏ రోజు డయాలసిస్సో పాస్టరుగారు చదవడం మొదలుపెట్టారు. ఆ రోజు తోడు వెళ్లేది ఎవరో అక్కడే తేలాలి. డిసెంబరు క్యారల్స్‌కు వచ్చిన కుర్రాళ్లు ప్రతి ఇంట్లోనూ టీ తాగుతారు కదా, మా తమ్ముడింట్లో మాత్రం ఒక్కడూ గ్లాసు ముట్టలేదు. దాహంతో ఉన్న మనిషి ముందు తాగొద్దని పాస్టరుగారు ముందే చెప్పి పంపారట. మరదలు కలిపిన టీ అంతా చల్లారిపోయింది. తమ్ముడికి సంగతి అర్థమై, ‘ఒరే, తాగండ్రా, వాసనైనా పీల్చుకుంటాను’ అని బతిమాలి తాగించాడు.

2022 వానాకాలంలో పోయాడు. పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం, హిరమండలం జలాశయం నుంచి 700 కోట్ల మంచినీటి పథకం 2023 డిసెంబరు 14న మొదలయ్యాయి. వాడు అవి చూడలేదు. ఆదరణ కూడికకు మిషను దగ్గర పక్క మంచం ఆయన వచ్చారు, అయ్యప్ప మాలలో. మాట్లాడమంటే మొహమాటపడి, ‘మీ గుడివాళ్లు ఈయనకి తెచ్చినప్పుడల్లా నాకూ రెండిడ్లీ తెచ్చేవారండి’ అని కూర్చున్నారు. మా సంఘానికి అంతకంటే మంచి సాక్ష్యం ఎవరూ చెప్పలేదు. ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటలో ఆరాధనకు వెళ్తాం. వాడు లేస్తాడని నేను నమ్ముతున్నాను. నమ్మనివాళ్లు దీన్ని ముసలాడి ఓదార్పు అనుకున్నా నాకు పేచీ లేదు.

వ్యాసం రాసినవారికి నా మనవి ఒకటే. డయాలసిస్ మాన్పించినవాణ్ణి ఎంతైనా తిట్టండి, నేనూ కలుస్తాను. అర్ధరాత్రి ఆటోలో రోగిని నిటారుగా పట్టుకున్నవాణ్ణి కూడా అదే గంపలో వెయ్యకండి. ఇద్దరి చేతిలోనూ ఉన్నది ఒకే బైబిలు కాబట్టి దూరం నుంచి చూస్తే తేడా తెలియదు. కాస్త దగ్గరికి రావాలి. వచ్చినప్పుడు హిరమండలం నీళ్లు ఏ వీధి దాకా వస్తున్నాయో, ఏ వీధిలో కుళాయి ఎండుతోందో కూడా చూసి రాయండి.

తోటి క్రైస్తవులకు, ముఖ్యంగా పాస్టర్లకు చెప్పేది వేరే. జబ్బు ఇంటికి వెళ్లి పాపాల లెక్క తియ్యకండి. ప్రార్థన చెయ్యండి, నూనె రాసే అలవాటుంటే రాయండి, కానీ లేచేముందు ‘రేపు డయాలసిస్‌కు ఎవరు తోడొస్తున్నారు?’ అని అడగండి. కూటాల్లో ఎవరైనా మందులు మానమంటే అప్పటికప్పుడే లేచి కాదనండి. మా ఊళ్లో ఆ రాత్రి ఒక్కరు లేచి ఉంటే, ఆ శనివారం వచ్చేది కాదు.

మా సంఘంలో ఇప్పుడు ముగ్గురు డయాలసిస్ మీద ఉన్నారు. అందులో ఒకడు పాతికేళ్ల కుర్రాడు. ముగ్గురికీ ఆటో కిరాయి కానుకల్లోంచే ఇస్తున్నాం. గుడికి రానివాళ్లు అడిగినా ఇస్తాం. ఇది ఎలా నడుపుతున్నామో చూడాలనుకునే సంఘాలవాళ్లు ఏ ఆదివారమైనా ఆరాధన అయ్యాక రావచ్చు. లెక్కల పుస్తకం మరదలి దగ్గర ఉంటుంది. పైసా తేడా రానివ్వదు.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్రాంచి పోస్టుమాస్టరు,
కవిటి మండలం, శ్రీకాకుళం జిల్లా.

(మరదలి కోరిక మీద పేర్లు రాయలేదు. కాలిపట్టీ సంగతి రాయడానికి ఆమె ఒప్పుకుంది.)